మూత తీయకుండా మోటారును చదివే పని

చిన్న డీసీ మోటారును చేతిలోకి తీసుకుంటే దాని మీద అతికించిన పట్టీ చెప్పేది చాలా తక్కువ. ఎన్ని వోల్టులు, ఎంత కరెంటు, నిమిషానికి ఎన్ని చుట్లు, అంతే. కొని బిగించుకునేవారికి అది చాలు. అదే మోటారును రోబో చేతి కీలులోనో, కెమెరాను కుదుపు లేకుండా తిప్పే పరికరంలోనో పెట్టి దాన్ని నడిపే కంట్రోలర్ రాయాల్సిన ఇంజనీరుకు మాత్రం చాలదు. ఆ మనిషికి కావాల్సినవి వేరే: తీగచుట్ట నిరోధం ఎంత, ఇండక్టెన్స్ ఎంత, ఆంపియరు కరెంటుకు ఎంత టార్క్ పుడుతుంది, రోటారు జడత్వం ఎంత, బేరింగులూ బ్రష్షులూ ఎంత రాపిడి పెడతాయి. పేరున్న కంపెనీ మోటారైతే డేటాషీటులో వీటిలో చాలావరకు దొరుకుతాయి. పాత సామాన్ల కొట్లో కొన్నదో, ఏళ్ల తరబడి వాడిందో అయితే ఏదీ దొరకదు.

కుమ్మరి దగ్గర కుండ కొనేవాళ్లు వేలి కణుపుతో కొట్టి, ఆ చప్పుడు విని, లోపల నెర్రె ఉందో లేదో చెప్పేస్తారు. మోటారు విషయంలోనూ సూత్రం అదే. బయటి నుంచి ఒక వోల్టేజీ తగిలించి, కరెంటూ వేగమూ ఎలా స్పందించాయో రికార్డు చేస్తారు. అదే వోల్టేజీని కంప్యూటరులోని నమూనా మోటారుకూ ఇస్తారు. రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి పడేదాకా నమూనాలోని అంకెలను సవరిస్తూ పోతారు. పడ్డప్పుడు ఆ అంకెలే అసలు మోటారువి. రెండు ముక్కల్లో చెబితే ఇంతే. నన్ను కట్టిపడేసేది ఈ పనిని బాగా చేసేవారు ఎక్కడ శ్రద్ధ పెడతారన్నది. చాలామంది అనుకున్నట్టు అది అంకెలను సవరించే ప్రోగ్రాములో లేదు. మోటారును ఏం అడగాలి, ఎలా అడగాలి అన్నదాంట్లో ఉంది.

ముందు నమూనా సంగతి. బ్రష్షులున్న శాశ్వత అయస్కాంత మోటారును రెండు సమీకరణాలు చాలావరకు పట్టేస్తాయి. మొదటిది విద్యుత్తుది: మనం ఇచ్చిన వోల్టేజీలో కొంత నిరోధం తినేస్తుంది, కరెంటు మారుతున్నంతసేపూ కొంత ఇండక్టెన్స్ తీసుకుంటుంది, మిగిలినది తిరిగే రోటారు పుట్టించే ఎదురు వోల్టేజీతో సరిపోతుంది. రెండోది యంత్రానిది: కరెంటు పుట్టించిన టార్క్‌లోంచి రాపిడి పోగా మిగిలింది రోటారు వేగాన్ని పెంచుతుంది. రాపిడిలో రెండు రకాలుంటాయి. ఒకటి వేగం ఎంతైనా అంతే ఉండే పొడి రాపిడి, రెండోది వేగంతో పాటు పెరిగే జిగట రాపిడి.

ఈ రెండు సమీకరణాలనూ కలిపే వంతెన ఒకటుంది. ఈ పని మొత్తానికి ఆధారం అదే. సెకనుకు ఒక రేడియన్ వేగానికి ఎంత ఎదురు వోల్టేజీ పుడుతుందో చెప్పే స్థిరాంకమూ, ఒక ఆంపియరుకు ఎంత టార్క్ పుడుతుందో చెప్పే స్థిరాంకమూ ఎస్ఐ ప్రమాణాల్లో ఒకే అంకె. ఇది యాదృచ్ఛికం కాదు. ఎదురు వోల్టేజీని కరెంటుతో గుణిస్తే విద్యుత్ వైపు నుంచి వెళ్లిన శక్తి వస్తుంది, టార్క్‌ను వేగంతో గుణిస్తే షాఫ్టు వైపు పుట్టిన శక్తి వస్తుంది. శక్తి మధ్యలో మాయం కాదు కనక రెండూ సమానం కావాలి, కనక రెండు స్థిరాంకాలూ ఒకటే కావాలి. దీనివల్ల ఒరిగేది చాలా పెద్దది. వోల్టు మీటరూ అమ్మీటరూ తప్ప మరేమీ తగిలించని వైపు నుంచి వంతెన దాటి, రోటారును బయటికి తీయకుండానే దాని జడత్వాన్ని తూచగలం. షాఫ్టుకు జడత్వం తెలిసిన పళ్లెం బిగించి తీసిన రికార్డు కూడా చేతిలో ఉంటే, అనుభవమున్నవారు ఒక్కోసారి ఈ రెంటినీ వేర్వేరు తెలియని అంకెలుగా వదిలేసి లెక్క కడతారు. రెండూ ఒకే విలువకు వచ్చి చేరాయంటే కొలతలు సవ్యంగా ఉన్నట్టు. చేరలేదంటే కరెంటు సెన్సార్ క్రమాంకనమో మరొకటో తప్పినట్టు. ప్రకృతి ఉచితంగా ఇచ్చిన తనిఖీ ఇది.

అంకెలతో చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఉదాహరణకు ఒక 12 వోల్టుల మోటారును ఊహించుకుందాం. నిరోధం 2 ఓములు, ఇండక్టెన్స్ 1 మిల్లీహెన్రీ, టార్క్ స్థిరాంకం ఆంపియరుకు 50 మిల్లీన్యూటన్-మీటర్లు, రోటారు జడత్వం 250 గ్రాము-చదరపు సెంటీమీటర్లు, పొడి రాపిడి 4 మిల్లీన్యూటన్-మీటర్లు, దానికి తోడు కొద్దిగా జిగట రాపిడి. దీనికి ఉన్నపళంగా 12 వోల్టులు ఇచ్చామనుకుందాం.

మొదటి క్షణంలో రోటారు ఇంకా కదల్లేదు, ఎదురు వోల్టేజీ లేదు, కరెంటు లేదు కనక నిరోధం తినేదీ లేదు. ఇచ్చిన వోల్టేజీ అంతా ఇండక్టెన్స్ మీదే పడుతుంది. కరెంటు సెకనుకు 12,000 ఆంపియర్ల చొప్పున ఎగబాకడం మొదలుపెడుతుంది, మిల్లీసెకనులో పదో వంతు గడిచేసరికి ఒక ఆంపియరు దాటుతుంది. గీత మొదట్లో ఉన్న ఆ వాలు ఇండక్టెన్స్‌ది, దాదాపు ఇంకెవరిదీ కాదు. దాదాపు 2 మిల్లీసెకన్ల దగ్గర కరెంటు శిఖరానికి చేరుతుంది, సుమారు 5.6 ఆంపియర్లు. ఆ ఎత్తును నిర్ణయించేది ప్రధానంగా నిరోధం. ఆ తర్వాత రోటారు వేగం పుంజుకుంటూ ఎదురు వోల్టేజీ పెరుగుతుంది, కరెంటు జారిపోతుంది. ఎంత త్వరగా జారుతుందన్నది జడత్వం చెప్పే మాట. ఈ మోటారుకు ఆ యాంత్రిక కాలస్థిరాంకం 20 మిల్లీసెకన్లు, విద్యుత్ కాలస్థిరాంకం అర మిల్లీసెకను. చివరికి నిమిషానికి 2,230 చుట్ల దగ్గర, 0.15 ఆంపియరు కరెంటుతో వేగం నిలకడ చెందుతుంది. ఆ నిలకడలో వినిపించేవి ఎదురు వోల్టేజీ స్థిరాంకమూ రాపిడీ.

పదో వంతు సెకను గీతలో ఇన్ని అంకెలు ఎవరి చోట వారు కూర్చుని ఉన్నారు. ఎవరు ఎక్కడున్నారో తెలియకుండా కొలిచిన మనిషికి ఏం జరుగుతుందో చూడండి. నిలకడ వేగాన్ని మాత్రమే కొలిచారనుకుందాం. నిరోధాన్ని 10 శాతం తప్పుగా పెట్టుకున్నా ఆ వేగంలో వచ్చే తేడా నిమిషానికి 6 చుట్లే. కొలతలోని గందరగోళంలో అది కలిసిపోతుంది. అదే తప్పు కరెంటు శిఖరం దగ్గర 0.4 ఆంపియరుకు పైగా తేడాగా బయటపడుతుంది. అలాగే 10 మిల్లీసెకన్లకు ఒక్కసారి మాత్రమే కొలత తీసుకుంటే ఇండక్టెన్స్ సంగతి ఎప్పటికీ తెలియదు. అది మాట్లాడి ఊరుకున్నాక మనం వినడం మొదలుపెట్టినట్టు అవుతుంది. ప్రోగ్రాము మాత్రం మొహమాటపడి ఏదో ఒక అంకె ఇచ్చేస్తుంది. ఆ అంకె పక్కన నమ్మకపు హద్దులు రాయకపోతే అది నిజమనే అనిపిస్తుంది. కొలతల్లో లేని సమాచారాన్ని ఏ గణితమూ పుట్టించలేదు.

పనివాడి చేయి కనిపించేది ఇక్కడి నుంచే. సిమ్యులేషనుకు ఇవ్వాల్సింది మనం ఇద్దామనుకున్న వోల్టేజీ కాదు, మోటారు టెర్మినళ్ల దగ్గర నిజంగా పడిన వోల్టేజీ. పవర్ సప్లైకీ తీగలకూ కలిపి 0.1 ఓము నిరోధం ఉందనుకోండి. 5 ఆంపియర్లకు పైగా లాగినప్పుడు అక్కడే అర వోల్టుకు పైగా పడిపోతుంది. నమూనాకు మాత్రం నిక్కచ్చిగా 12 వోల్టులు ఇస్తే, గీతలు కలవడం కోసం ప్రోగ్రాము మోటారు నిరోధాన్ని 2.1 ఓములు చేసేస్తుంది. తీగల నిరోధం మోటారు ఖాతాలో పడింది. గీతలు చక్కగా కలిశాయి, అంకె 5 శాతం తప్పు. గీతలు కలవడమే గెలుపు అనుకునేవారికి ఇది ఎన్నడూ తెలియదు. జాగ్రత్తపరులు వోల్టేజీని కొలిచే తీగలను కరెంటు మోసే తీగలకు దూరంగా, నేరుగా మోటారు కాళ్లకే తగిలిస్తారు.

కరెంటు సెన్సారు వెనక ఫిల్టరు ఉంటే అది గీతను కాస్త ఆలస్యం చేస్తుంది. ఇండక్టెన్స్ చేసేదీ అదే కదా, కరెంటును ఆలస్యంగా లేవనివ్వడం. కనక ఫిల్టరు ఆలస్యం ఇండక్టెన్స్ ఖాతాలో జమ పడుతుంది. దీనికి పరిష్కారం నాకు చాలా నచ్చుతుంది: కొలతను దిద్దే ప్రయత్నం చేయరు. అదే ఫిల్టరును నమూనాలో కూడా పెట్టి, అనుకరణ కరెంటును కూడా దానిగుండా పంపి, అప్పుడు పోలుస్తారు.

ఎన్‌కోడరు విషయంలోనూ ఇదే వివేకం. చుట్టుకు 2,000 గణింపులిచ్చే ఎన్‌కోడరును మిల్లీసెకనుకొకసారి చదివి, తేడా తీసి వేగం లెక్క కడితే, ఒక్క గణింపు అటూఇటూ అయితే వేగం నిమిషానికి 30 చుట్లు అటూఇటూ దూకుతుంది. గీతంతా రంపపు పళ్లలా తయారవుతుంది. దాన్ని నునుపు చేయబోతే మళ్లీ ఆలస్యం వచ్చి పడుతుంది. అందుకని కొలిచిన స్థానాన్ని ముట్టుకోరు. నమూనా ఇచ్చిన వేగాన్ని కూడుకుంటూ పోయి స్థానంగా మార్చి, స్థానాన్ని స్థానంతో పోలుస్తారు. నిజమైన కొలత ఎలా వచ్చిందో అలాగే ఉండనిచ్చి, సిమ్యులేషన్‌నే దాని దగ్గరికి నడిపించడం. ఈ రంగంలో మంచి పనికీ మామూలు పనికీ తేడా తెలిసేది ఇలాంటి చోటే అని నా నమ్మకం.

రాపిడి అంత తేలిగ్గా లొంగదు. పైన చెప్పిన 0.15 ఆంపియరు కరెంటు మొత్తం రాపిడి 7.5 మిల్లీన్యూటన్-మీటర్లని చెబుతుంది. అందులో పొడి రాపిడి ఎంత, జిగట రాపిడి ఎంత అన్నది ఆ ఒక్క నిలకడ వేగం చెప్పదు. 6 వోల్టుల దగ్గర కూడా నడిపి చూస్తే నిమిషానికి 1,100 చుట్ల దగ్గర 0.115 ఆంపియరు వస్తుంది. వేగం సగమైనా కరెంటు సగం కాలేదు. తగ్గిన భాగం జిగట రాపిడిలో సగం, దాన్ని రెట్టింపు చేసి మొత్తంలోంచి తీసేస్తే మిగిలేది పొడి రాపిడి. ఇంకో దారి కూడా ఉంది. పూర్తి వేగంలో ఉన్నప్పుడు తీగ ఊడదీసి, దానంతట అది ఆగేదాకా చూడటం. కరెంటు లేదు కనక నిరోధమూ ఇండక్టెన్సూ రంగం నుంచి తప్పుకుంటాయి. తెరిచిన టెర్మినళ్ల మధ్య కనిపించే వోల్టేజీ అచ్చంగా ఎదురు వోల్టేజీ, అంటే వేగమే. మోటారు తన వేగాన్ని తానే కొలిచి చెబుతోంది, వేరే మీటరు అక్కర్లేదు. మన ఉదాహరణ మోటారు సుమారు ఒక సెకనులో ఆగిపోతుంది. జిగట రాపిడే ఉంటే ఆ గీత ఒంపు తిరిగి మెల్లగా సున్నా వైపు సాగుతుంది. పొడి రాపిడే ఉంటే తిన్నగా దిగి ఠక్కున ఆగుతుంది. అసలు గీత రెంటి మధ్యా ఎక్కడో ఉంటుంది, ఎక్కడుందో చూసి వాటాలు పంచవచ్చు.

అయితే ఈ ఆగే పరీక్షకు ఒక గుడ్డితనం ఉంది. జడత్వమూ రాపిడీ రెండూ రెట్టింపైనా గీత మారదు. అది నిష్పత్తులను మాత్రమే చెప్పగలదు. అసలు విలువలు కావాలంటే కరెంటుతో పరుగెత్తిన గీతను కూడా పక్కన పెట్టుకుని, ఆ వంతెన మీదుగా దాటాలి. అందుకే మంచి అంచనాలో రెండు రికార్డులనూ ఒకే అంకెలతో, ఒకేసారి సరిపోల్చమని అడుగుతారు.

ఈ ఆలోచనలేవీ కంప్యూటరుతో పుట్టినవి కావు. మన ఇంజనీరింగ్ కాలేజీల ఎలక్ట్రికల్ మెషీన్స్ ల్యాబులో చదివినవారికి స్విన్‌బర్న్ టెస్టు, హాప్కిన్‌సన్ టెస్టు, లోడు లేకుండా నడిపి నష్టాలను విడదీసే ప్రయోగం గుర్తుండే ఉంటాయి. మోటారుకు పూర్తి లోడు పెట్టకుండానే లోడులో దాని సామర్థ్యం ఎంతో చెప్పే స్విన్‌బర్న్ పద్ధతిని నేను ఈ విద్యకు పెద్దన్నగానే చూస్తాను. అప్పట్లో ఒక్కో పరీక్షలో ఒక్కో అంకెను వేరు చేసి, గ్రాఫు కాగితం మీద స్కేలు పెట్టి తీసేవారు. సిమ్యులేషన్ తెచ్చిన కొత్త వసతి, అన్ని అంకెలూ కలగలిసి ఉన్న గీతలోంచి కూడా వాటిని ఒక్కసారిగా తీయగలగడం.

ఆ తీసే యంత్రాంగం గురించి కొంచెం. ఎక్కువమంది వాడేది కెనెత్ లెవెన్‌బర్గ్ 1944లో ప్రతిపాదించి, డొనాల్డ్ మార్క్వార్ట్ 1963లో స్థిరపరిచిన పద్ధతి. తేడాల వర్గాల మొత్తాన్ని తగ్గించడం దీని పని. గమ్యానికి దూరంగా ఉన్నప్పుడు తగ్గే దిక్కు చూసుకుని చిన్న అడుగులేస్తుంది, దగ్గరపడే కొద్దీ ధైర్యంగా పెద్ద అంగలేస్తుంది. అడుగు వికటిస్తే వెనక్కి వచ్చి జాగ్రత్త పెంచుతుంది. సిమ్యులింక్‌లో, పైథాన్ లైబ్రరీల్లో ఇది తయారుగా దొరుకుతుంది. దొరికిందాన్ని ఊరికే నొక్కితే సరిపోదు. నిరోధం 2, జడత్వం 0.000025. ఇలా దాదాపు లక్ష రెట్ల తేడా ఉన్న అంకెలను ఉన్నపాటున ఇస్తే పద్ధతి తడబడుతుంది. అందుకని వాటి సంవర్గమానాలను ఇస్తారు. దాంతో నిరోధం పొరపాటున రుణ సంఖ్య అయ్యే ప్రమాదమూ తప్పుతుంది. కరెంటు తేడాను, స్థానం తేడాను నేరుగా కూడటానికి వీల్లేదు, ఒకటి ఆంపియర్లు, ఇంకొకటి రేడియన్లు. దేనికి దాని సెన్సార్ గందరగోళంతో భాగించి, అప్పుడు కూడతారు. పొడి రాపిడి సున్నా వేగం దగ్గర ఒక్కసారిగా దిశ మారుస్తుంది. దాన్ని అలాగే వదిలేస్తే సిమ్యులేషన్ ఆ చోట కొట్టుకుంటూ ఉండిపోతుంది, కనక ఆ మలుపును కొద్దిగా నునుపు చేస్తారు.

అన్నిటికన్నా నేను మెచ్చుకునే అడుగు అసలు మోటారును ముట్టుకోకముందే వేసేది. ముందు నమూనాకు తెలిసిన అంకెలు పెట్టి సిమ్యులేషన్ నడుపుతారు. వచ్చిన గీతలకు సెన్సార్లలో ఉండేంత గందరగోళాన్ని కలుపుతారు. ఇప్పుడు ఆ అంకెలు తెలియనట్టే ప్రోగ్రాముకిచ్చి కనిపెట్టమంటారు. పెట్టిన అంకెలే తిరిగి వస్తే పరీక్ష పథకం పనికొస్తుంది. ఇండక్టెన్స్ ప్రతిసారీ వేరేగా వస్తుంటే కొలత వేగం చాలడం లేదన్నమాట. రెండు అంకెలు జంటగా, ఒకటి పెరిగితే మరొకటి తగ్గుతూ తిరుగుతుంటే, అడిగిన ప్రశ్న వాటిని విడదీయలేకపోతోందన్నమాట. అప్పుడు ప్రశ్న మారుస్తారు: ఒక్క మెట్టు వోల్టేజీ బదులు అటూఇటూ తిప్పే వోల్టేజీ, లేదా షాఫ్టుకు జడత్వం తెలిసిన ఒక పళ్లెం బిగించి మరో పరుగు. జవాబు ముందే తెలిసిన ప్రశ్నతో తన పనిముట్టును పరీక్షించుకోవడం సిమ్యులేషన్ వల్లే సాధ్యమైంది. దాన్ని దాటవేసి నేరుగా ల్యాబుకు పరుగెత్తేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది.

అంకెలు వచ్చాక పని అయిపోదు. అంచనాకు వాడని వేరే రికార్డు మీద వాటిని పరీక్షించాలి. మెట్టు వోల్టేజీతో తీసిన అంకెలు దిశ మార్చే పరుగును కూడా ముందే చెప్పగలగాలి. ఆ తర్వాత మిగిలిన తేడాల గీతను విడిగా గీసి చూడాలి. అది ఏ ఆకారమూ లేని గందరగోళంలా ఉంటే సరే. ప్రతి చుట్టుకూ ఒకే చోట ఎత్తు లేస్తుంటే, అయస్కాంతాలకూ రోటారు పళ్లకూ మధ్య లాగుడు నమూనాలో లేదన్నమాట. ఒక దిశలో తేడా పైకి, ఇంకో దిశలో కిందికి ఉంటే రాపిడి రెండు దిక్కులా సమానం కాదన్నమాట. నమూనాలో తర్వాత ఏం చేర్చాలో మిగిలిన తప్పే చెబుతుంది.

కొన్నిటికి మాత్రం ఎంత నేర్పున్నా జవాబు రాదు. మన పొలాల్లో ఉండే మూడు ఫేజుల ఇండక్షన్ మోటారులో రోటారుకు తీగలేవీ బయటికి రావు. స్టేటారు లీకేజీ ఇండక్టెన్స్ ఎంత, రోటారుది ఎంత అని టెర్మినళ్ల దగ్గరి కొలతలతో విడదీయలేం. మొత్తం లీకేజీ మాత్రమే కనబడుతుంది. ఎన్ని గీతలు తీసినా, ఎంత శక్తిమంతమైన కంప్యూటరు పెట్టినా ఇది మారదు. అందుకే ఐఈఈఈ 112 ప్రమాణం ఆ పంపకాన్ని మోటారు డిజైన్ రకాన్ని బట్టి ముందే నిర్ణయించి ఇస్తుంది: బి రకానికి స్టేటారు, రోటారుల నిష్పత్తి 0.67, సి రకానికి 0.43, ఎ, డి రకాలకు 1. కొలవలేనిదాన్ని కొలిచినట్టు నటించకుండా, ఇది ఒప్పందం అని రాసి పెట్టడాన్ని నేను గౌరవిస్తాను.

బోరు మోటారు కాలిపోతే రివైండింగ్ షాపులో కొత్తగా చుట్టించడం మన పల్లెల్లో మామూలే. తీగ గేజీ మారినా, చుట్ల లెక్క మారినా మీద ఉన్న పట్టీ మారదు. అలాంటి మోటారును వేరియబుల్ ఫ్రీక్వెన్సీ డ్రైవుతో నడపాలంటే పట్టీని నమ్మి లాభం లేదు. డ్రైవులోని ఆటోట్యూన్ నొక్కితే అది ఆగి ఉన్న మోటారులోకి డీసీ పంపి స్టేటారు నిరోధాన్ని, పల్సులు పంపి లీకేజీని, తిప్పి చూసి అయస్కాంతీకరణ ఇండక్టెన్స్‌ను తనే అంచనా వేసుకుంటుంది. ఇంతసేపూ చెప్పుకున్న విద్యే ఆ చిన్న డబ్బాలో ఉంది.

చివరిగా వేడి. రాగి నిరోధం డిగ్రీ సెంటీగ్రేడుకు సుమారు 0.39 శాతం పెరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర 2 ఓములున్న మన చిన్న మోటారు చుట్ట 75 డిగ్రీల దగ్గర 2.39 ఓములవుతుంది. ఫెర్రైట్ అయస్కాంతమైతే డిగ్రీకి 0.2 శాతం చొప్పున బలహీనపడి, టార్క్ స్థిరాంకం ఆంపియరుకు 50 నుంచి 45 మిల్లీన్యూటన్-మీటర్లకు జారుతుంది. ఉదయం చల్లటి మోటారుతో తీసిన అంకెలు మధ్యాహ్నానికి పనికిరావు. కనక నేర్పరులు ప్రతి రికార్డు పక్కనా చుట్ట ఉష్ణోగ్రత రాసుకుంటారు, పరుగుకూ పరుగుకూ మధ్య చల్లారనిస్తారు. దీన్నే తిరగేసి వాడుకునేవారూ ఉన్నారు: మోటారు నడుస్తుండగానే నిరోధాన్ని అంచనా వేస్తూ, అది 2.39కి చేరిందంటే చుట్ట 75 డిగ్రీలకు వచ్చిందని గుర్తించి, ఇన్సులేషన్ మాడకముందే కరెంటును తగ్గిస్తారు. థర్మామీటరు దూర్చడానికి చోటులేని చుట్ట లోపలి వేడి అలా బయటికి తెలుస్తుంది.